చలి పొద్దున డీజిల్ కారు మొండికేస్తే.. మీటర్‌లో వెలిగిన లైట్ ఏం చెబుతోంది?

చిట్యాల: డిసెంబర్, జనవరి వచ్చిందంటే ఫజర్ వేళకు హైవే మీద మంచు కమ్ముకుని ఉంటుంది. రాత్రంతా ఇంటి ముందు బయట నిలబెట్టిన డీజిల్ కారుకు కీ తిప్పి సెల్ఫ్ కొడితే ఒక్కోసారి సాగదీసినట్టు తిరిగి ఆగిపోతుంది. ఇంకోసారి స్టార్ట్ అవుతుంది గానీ తెల్లటి పొగ, వణుకు, మీటర్‌లో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ. నిన్న సాయంత్రం వరకు బాగానే తిరిగిన బండి పొద్దుగాల ఎందుకు ఇట్లా చేస్తోంది?

ఇది చిన్న ఇబ్బందిగా తీసిపారేసే విషయం కాదు. చిట్యాల 65వ నంబర్ జాతీయ రహదారి మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి మధ్యలో ఉంది. రామన్నపేట, వలిగొండ మీదుగా భువనగిరికి వెళ్లే రోడ్డు కూడా ఇక్కడి నుంచే. తెల్లవారకముందే రోగిని తీసుకుని నార్కట్‌పల్లి కామినేనికో, బీబీనగర్ ఎయిమ్స్‌కో, హైదరాబాద్‌కో బయలుదేరే కుటుంబాలుంటాయి. కిరాయి కారు మీద బతికే డ్రైవర్లుంటారు. సంక్రాంతికి ముందు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బండ్లు బారులు తీరే రోజులే వాళ్లకు నాలుగు డబ్బులు వచ్చే రోజులు. ఆ పొద్దున బండి కదలకపోతే ఆ రోజు కిరాయి పోయినట్టే.

దీనికి తోడు ఇంకో నష్టం ఉంది. లైట్ వెలిగింది కదా అని అసలు కారణం తెలుసుకోకుండానే హీటర్ ప్లగ్గులు, సెన్సార్లు, పంపు అంటూ ఒకదాని తర్వాత ఒకటి మార్పించుకుంటూ పోతే వేలల్లో బిల్లు అవుతుంది. మర్నాడు పొద్దున బండి మళ్లీ అదే పాట పాడుతుంది. కాబట్టి ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి అన్న వరుస తెలిసి ఉంటే సగం డబ్బు మిగులుతుంది.

ఇక్కడి చలికి డీజిల్ గడ్డకడుతుందా?

చలికాలంలో బండి మొరాయిస్తే చాలామంది మొదట అనే మాట 'డీజిల్ గడ్డకట్టింది' అని. చిట్యాల వాతావరణంలో ఇది దాదాపు జరగని పని.

డీజిల్‌లో మైనం లాంటి పదార్థం ఉంటుంది. చలి బాగా పెరిగితే అది సన్నని రేణువులుగా మారి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. అందుకే భారత ప్రమాణాల సంస్థ డీజిల్‌కు రెండు కాలాలకు రెండు లెక్కలు పెట్టింది. చలికాలంలో అమ్మే డీజిల్ 6 డిగ్రీల సెల్సియస్ వరకు ఫిల్టర్ గుండా పారాలి. 3 డిగ్రీల దాకా పోసేంత పలుచగా ఉండాలి. నల్లగొండ జిల్లాలో చలి గట్టిగా ఉన్న రోజుల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల చుట్టుపక్కలకు వస్తుంది. అంటే ఇక్కడి బంకుల్లో దొరికే డీజిల్‌కు ఈ చలి ఒక లెక్క కాదు.

నిజంగా డీజిల్ గడ్డకట్టే చోటు లడఖ్. అక్కడ శీతాకాలంలో ఉష్ణోగ్రత మైనస్ 30 దాకా పడిపోతుంది. అందుకే ఇండియన్ ఆయిల్ 2019 నవంబర్‌లో అక్కడి కోసం మైనస్ 33 డిగ్రీల వరకు గడ్డకట్టని ప్రత్యేక డీజిల్ తెచ్చింది. చిట్యాలలో ఎవరైనా 'డీజిల్ గడ్డకట్టింది, ట్యాంక్ దింపాలి' అంటే తొందరపడకుండా మిగతావి చూడమని అడగాలి.

మరి చలి ఏం చేస్తుంది?

పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గు నిప్పురవ్వ పుట్టిస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో అది ఉండదు. సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పిస్టన్ 15, 16 రెట్లు కుదించేస్తుంది. సైకిల్‌కు గాలి కొడుతుంటే పంపు కింది భాగం వేడెక్కడం అందరికీ తెలిసిందే. అదే పని ఇక్కడ చాలా గట్టిగా జరుగుతుంది. గాలి 500 డిగ్రీల పైకి వేడెక్కుతుంది. అప్పుడు నాజిల్ చిమ్మిన డీజిల్ దానంతట అదే అంటుకుంటుంది.

లోపలికి వచ్చే గాలే చల్లగా ఉంటే చివరి వేడి కూడా తగ్గుతుంది. లెక్క ప్రకారం బయట 25 డిగ్రీలు తగ్గితే, కుదించిన తర్వాత 60 డిగ్రీలకు పైగా తగ్గుతుంది. పైగా ఇంజిన్ గోడలు చల్లగా ఉండి ఉన్న వేడిని కూడా పీల్చేస్తాయి. ఇంజిన్ ఎంత నెమ్మదిగా తిరిగితే అంత ఎక్కువ వేడి పోతుంది.

ఇదే సమయంలో ఇంకో రెండు జరుగుతాయి. రాత్రంతా చల్లబడిన ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది, ఇంజిన్ తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. ఆ బలం ఇవ్వాల్సిన బ్యాటరీ చలికి కొంత నీరసపడుతుంది. 0 డిగ్రీల దగ్గర బ్యాటరీ సత్తా సుమారు ఐదో వంతు తగ్గుతుంది. ఇక్కడి చలికి అంత కూడా తగ్గదు.

మరి అంత తక్కువ చలికే బండి ఎందుకు ఆగుతోంది? ఎందుకంటే బ్యాటరీని దెబ్బతీసేది మన చలి కాదు, మన ఎండ. నల్లగొండ జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీల ఎండ కాస్తుంది. ఆ వేడికి బ్యాటరీ లోపలి ప్లేట్లు అరిగిపోతాయి, నీళ్లు ఇంకిపోతాయి. ఎండాకాలంలో ఇంజిన్ సులువుగా తిరుగుతుంది కాబట్టి ఆ బలహీనత కనబడదు. డిసెంబర్ పొద్దున ఎక్కువ బలం అడిగేసరికి బయటపడుతుంది. హీటర్ ప్లగ్గులు, పాతబడిన డీజిల్ పైపులు, అరిగిన సెల్ఫ్ మోటార్ కూడా అంతే. ముందే ఉన్న లోపాన్ని చలి బయటపెడుతుంది. వెతకాల్సింది ఆ లోపాన్ని.

ఇంకో సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. ఆ సమయంలోనే మారుతి సుజుకి డీజిల్ కార్లు చేయడం ఆపేసింది. అంటే ఇప్పుడు రోడ్డు మీద తిరుగుతున్న స్విఫ్ట్, డిజైర్ డీజిల్ బండ్లన్నీ అంతకు ముందువే. వయసు మీద పడిన బండ్లకు చలి పరీక్ష ఇంకా గట్టిగానే ఉంటుంది.

మొదట రంగు చూడండి

మీటర్‌లో లైట్లు రెండు రకాలు. ఎరుపు అంటే ఆగాలి. పసుపు అంటే చూపించుకోవాలి.

నూనె చుక్క కారుతున్న డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే అది ఆయిల్ ప్రెజర్. చలిలో స్టార్ట్ చేసిన తర్వాత ఒకటి రెండు క్షణాలు ఉండి ఆరిపోతే ఫరవాలేదు. ఆరకపోతే వెంటనే ఇంజిన్ ఆపేయాలి. 'షాపు దాకా వెళ్దాం' అనుకుంటే ఇంజిన్ సీజ్ అయ్యే ప్రమాదం ఉంది. థర్మామీటర్ బొమ్మ ఎర్రగా వెలిగినా అంతే. ప్లస్, మైనస్ గుర్తులున్న పెట్టె బొమ్మ ఇంజిన్ నడుస్తున్నప్పుడు వెలిగితే బ్యాటరీకి చార్జింగ్ ఎక్కడం లేదని అర్థం.

కొన్ని కార్లలో పొద్దున నీలం రంగు థర్మామీటర్ బొమ్మ వెలుగుతుంది. అది లోపం కాదు. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని చెప్పే గుర్తు, కాసేపటికి ఆరిపోతుంది. టైరు బొమ్మ వెలిగినా ఇంజిన్‌కు సంబంధం లేదు. చలికి టైర్లలో గాలి ఒత్తిడి తగ్గుతుంది, గాలి కొట్టిస్తే సరిపోతుంది.

పసుపు ఇంజిన్ బొమ్మ నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగానే నడుస్తుంటే నెమ్మదిగా వెళ్లి చూపించుకోవచ్చు. బండి లాగకపోయినా, పొగ ఎక్కువ వచ్చినా దూర ప్రయాణం పెట్టుకోవద్దు.

స్ప్రింగు బొమ్మ సంగతి

కీ ఆన్ చేయగానే పసుపు రంగులో స్ప్రింగు చుట్ట లాంటి గుర్తు వెలుగుతుంది. అదే గ్లో ప్లగ్ లైట్. మన మెకానిక్కులు హీటర్ ప్లగ్ అంటారు. సిలిండర్‌కు ఒకటి చొప్పున ఉండే ఈ ప్లగ్గులు కొన్ని క్షణాల్లోనే ఎర్రగా కాలి లోపలి గాలిని వేడి చేస్తాయి.

ఆ గుర్తు ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టాలి. ఇక్కడి చలికి ఒకటి నుంచి ఐదు క్షణాలు పడుతుంది, అంతే. చాలామంది కీ పెట్టగానే ఒకేసారి తిప్పేస్తారు. ప్లగ్గులు వేడెక్కకముందే ఇంజిన్ తిరుగుతుంది, తెల్ల పొగ వస్తుంది. ఆ తర్వాత బండిని తిడతారు. పుష్ బటన్ కార్లలో చాలావరకు కంప్యూటరే ఆ కాస్త సమయం తీసుకుని సెల్ఫ్ తిప్పుతుంది.

ఇంజిన్ నడుస్తుండగా ఇదే గుర్తు మిణుకు మిణుకుమంటే అర్థం వేరు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా డీజిల్ కార్లలో అలా మిణికితే ఇంజిన్ కంప్యూటర్ ఏదో లోపం పట్టుకుందని. అది హీటర్ ప్లగ్గు లోపమే అని కాదు. బ్రేక్ పెడల్ దగ్గరి స్విచ్ పోయినా కూడా మిణకవచ్చు. ఆ గుర్తు చూసి ప్లగ్గులు మార్పిస్తే డబ్బులు వృథా.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన ముఖ్యమైన మాట ఒకటుంది. పాత తరం డీజిల్ బండ్లకు హీటర్ ప్లగ్గులు లేకపోతే పొద్దున స్టార్ట్ కావడం కష్టం. కానీ ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లు డీజిల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతాయి. 10, 15 డిగ్రీల చలిలో నాలుగింట్లో ఒక ప్లగ్గు పోయినా అవి సాధారణంగా స్టార్ట్ అవుతాయి. కాసేపు వణుకు, కొంచెం తెల్ల పొగ ఉంటాయి, అంతే. అసలు స్టార్టే కాకపోతే ఒక్క ప్లగ్గు మీద నేరం మోపడం తొందరపాటు.

ముందు బ్యాటరీ, తర్వాతే మిగతావి

పరీక్ష ఎప్పుడూ ఖర్చు లేని దాంతో మొదలుపెట్టాలి. ఎలక్ట్రికల్ షాపుల్లో కొన్ని వందల రూపాయలకు దొరికే చిన్న మల్టీమీటర్ చాలు.

రాత్రంతా నిలబడిన బండికి, పొద్దున కీ పెట్టకముందు, బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద మీటర్ పెట్టండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే సగం ఖాళీ. 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ అయినట్టే.

తర్వాత ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఆ సమయంలో వోల్టేజ్ 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ నీరసంగా ఉన్నట్టు. నిలబడి ఉన్నప్పుడు 12.5 చూపించి, సెల్ఫ్ కొట్టగానే 8కి పడిపోయే బ్యాటరీలు చాలా ఉంటాయి. 'నిన్ననే చూశాం, బ్యాటరీ బాగానే ఉంది' అనేది ఇలాంటి చోటే పొరపాటు అవుతుంది. లోడ్ మీద చూడని బ్యాటరీని చూసినట్టు కాదు.

ఇంజిన్ స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే ఆల్టర్నేటర్ చార్జింగ్ ఇస్తోందని లెక్క.

బ్యాటరీ కొత్తదే అయినా సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే టెర్మినళ్ల మీద తెల్లగా పట్టిన ఉప్పు, వదులైన క్లాంపు, ఇంజిన్‌కు వెళ్లే ఎర్త్ వైరు చూడాలి. మీటర్ ఒక కొనను బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొనను ఇంజిన్ లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టినప్పుడు అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ సరిగ్గా లేదని అర్థం. ఒక స్పానర్, కాస్త ఎమరీ పేపర్‌తో పోయే రోగమిది.

కిరాయి బండ్లలో జీపీఎస్, కెమెరా, మ్యూజిక్ సిస్టమ్ లాంటివి బయట బిగించి ఉంటాయి. కీ తీసినా వాటికి కరెంటు వెళ్తూ ఉంటే తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది. రెండు రోజులు బండి నిలబెడితేనే ఈ ఇబ్బంది వస్తుంటే అనుమానం ఇటు పోవాలి.

మీటర్‌లో ఒకేసారి ఐదారు లైట్లు.. ఇంజిన్, ఏబీఎస్, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్.. అన్నీ వెలిగితే అన్నీ ఒకే రాత్రిలో పాడయ్యాయని భయపడొద్దు. సెల్ఫ్ కొట్టినప్పుడు కరెంటు బాగా పడిపోతే బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేక తప్పుడు లోపాలు రాసుకుంటాయి. ఎక్కువసార్లు అది బ్యాటరీ, ఎర్త్ వ్యవహారమే.

ఎట్లా తిరుగుతోంది? ఏ పొగ వస్తోంది?

బ్యాటరీ బాగుందని తేలాక కళ్లు, చెవులే పరికరాలు.

- 'టిక్' అని ఒక్క శబ్దం వచ్చి ఇంజిన్ తిరగకపోతే: బ్యాటరీ కనెక్షన్, సెల్ఫ్ మోటార్, దాని సోలెనాయిడ్ చూడాలి.

- నెమ్మదిగా, సాగదీస్తూ తిరిగితే: బ్యాటరీ, ఎర్త్, అరిగిన సెల్ఫ్ మోటార్, లేదా ఎక్కువ చిక్కని ఆయిల్. ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40 అని రాసి ఉంటుంది. 'డబ్ల్యూ' ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో ఆయిల్ అంత పలుచగా ఉంటుంది. బండి పుస్తకంలో రాసిన గ్రేడే పోయించాలి.

- బాగానే తిరుగుతోంది, సైలెన్సర్ నుంచి ఘాటైన తెల్ల పొగ వస్తోంది, కానీ అంటుకోవడం లేదు: డీజిల్ వస్తోంది, వేడి చాలడం లేదు. ఇప్పుడు హీటర్ ప్లగ్గులు, వాటి రిలే, ఫ్యూజు చూడాలి. అవి బాగుంటే సిలిండర్ కంప్రెషన్ చూడాలి.

- బాగానే తిరుగుతోంది, పొగే లేదు: సిలిండర్‌కు డీజిల్ చేరడం లేదు. ఫిల్టర్, పైపుల్లో గాలి, క్రాంక్ సెన్సార్, లేదా తాళంచెవిని గుర్తుపట్టని ఇమ్మొబిలైజర్. తాళం బొమ్మ మిణుకుతుంటే ముందు రెండో తాళంచెవితో ప్రయత్నించండి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెం కూడా కదలకపోతే క్రాంక్ సెన్సార్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

హీటర్ ప్లగ్గు పరీక్ష కూడా తేలికే. దాని వైరు తీసి, మల్టీమీటర్‌తో ప్లగ్గు కొన నుంచి ఇంజిన్ లోహానికి రెసిస్టెన్స్ చూస్తే మంచి ప్లగ్గు సాధారణంగా ఒకటి రెండు ఓములలోపే చూపిస్తుంది. అసలేమీ చూపించకపోతే అది పోయినట్టు. బ్యాటరీ నుంచి నేరుగా వైరు పెట్టి చూసే అలవాటు మాత్రం కొత్త బండ్లకు వద్దు. వాటిలో చాలా ప్లగ్గులు 12 వోల్టులకు చేసినవి కావు, కాలిపోతాయి. పాత ప్లగ్గును బలవంతంగా విప్పితే హెడ్‌లోనే విరిగిపోయే ప్రమాదం ఉంది. ఇంజిన్ కాస్త వేడిగా ఉన్నప్పుడు, చేయి తిరిగిన మెకానిక్‌తోనే విప్పించాలి.

తెల్లటి పల్చని ఆవిరి చలి పొద్దున సహజం. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా వస్తూ, కూలెంట్ తగ్గిపోతుంటే అది హెడ్ గ్యాస్కెట్ వ్యవహారం కావచ్చు. ఆలస్యం చేయొద్దు.

డీజిల్‌లో నీళ్లు, పైపుల్లో గాలి

పంపు బొమ్మ, దాని కింద నీటి చుక్కలు లేదా అలలు ఉన్న లైట్ వెలిగితే డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు చేరాయని అర్థం. ట్యాంక్ సగానికి పైగా ఖాళీగా ఉంటే పగలు వేడికి, రాత్రి చలికి లోపలి గాలిలోని తేమ నీరుగా మారి అడుగున చేరుతుంది. ఫిల్టర్ కింద ఉన్న చిన్న మరను వదులు చేసి, నీళ్లు పోయి డీజిల్ వచ్చేదాకా తీయించాలి. ఈ లైట్‌ను పట్టించుకోకుండా తిప్పితే పంపు, నాజిళ్లు తుప్పు పడతాయి. డీజిల్ బండిలో అన్నిటికంటే పెద్ద ఖర్చు అవే.

గాలి సంగతి కొంచెం దొంగ వ్యవహారం. పాతబడిన రబ్బరు పైపులు, వాషర్లు చలికి బిగుసుకుని సందులిస్తాయి. డీజిల్ బయటికి కారదు కానీ రాత్రంతా గాలి లోపలికి పీల్చుకుంటుంది. డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున ఎంతసేపు కొడితే గానీ స్టార్ట్ కాదు, పగలంతా మాత్రం ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. చాలా కామన్ రైల్ కార్లలో పైపులో సుమారు 200 బార్ల ప్రెజర్ తయారు కాకపోతే కంప్యూటర్ నాజిళ్లను తెరవనివ్వదు. గాలి ఉంటే ఆ ప్రెజర్ తయారు కాదు. ఫిల్టర్ దగ్గర చేతి పంపు ఉన్న బండికి, స్టార్ట్ చేసే ముందు పది సార్లు నొక్కి చూడండి. అలా చేస్తే వెంటనే స్టార్ట్ అవుతోందంటే లోపం గాలిదే.

ఒక హెచ్చరిక. ఇంజిన్ నడుస్తుండగా నాజిల్ పైపు నట్లు వదులు చేయొద్దు. కామన్ రైల్‌లో ప్రెజర్ వెయ్యి బార్లు దాటుతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

స్కానర్ చెప్పేది ఇంటి నంబరే

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి స్కానర్ పెడితే ఇంజిన్ కంప్యూటర్ రాసుకున్న కోడ్‌లు కనిపిస్తాయి. అమెరికాలో 1996 నుంచి అన్ని కార్లకూ తప్పనిసరి చేసిన పద్ధతి ఇది. తర్వాత ప్రపంచమంతా పాకింది. ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానర్లు కూడా ఇప్పుడు చౌకగానే దొరుకుతున్నాయి.

చలి పొద్దుల్లో తరచుగా కనబడే కోడ్‌లు ఇవి:

- పీ0380, పీ0670: హీటర్ ప్లగ్గుల సర్క్యూట్, వాటి కంట్రోల్ యూనిట్
- పీ0671 నుంచి పీ0674: ఒకటి నుంచి నాలుగో సిలిండర్ వరకు ఒక్కో ప్లగ్గు సర్క్యూట్
- పీ0562: కరెంటు తక్కువ
- పీ0087: డీజిల్ రైల్ ప్రెజర్ తక్కువ
- పీ0335: క్రాంక్ సెన్సార్ సర్క్యూట్
- పీ0128: ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కడం లేదు, ఎక్కువగా థర్మోస్టాట్
- పీ0401: ఈజీఆర్ నుంచి పొగ సరిగ్గా పారడం లేదు
- పీ2463: పొగ ఫిల్టర్‌లో మసి పేరుకుంది

ఈ కోడ్ పాడైన పార్టు పేరు కాదు. ఏ వీధిలో వెతకాలో చెప్పే అడ్రస్ మాత్రమే. పీ0672 అంటే రెండో సిలిండర్ ప్లగ్గు 'సర్క్యూట్'లో తేడా ఉందని. ప్లగ్గు పోయి ఉండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు, కనెక్టర్‌లో తుప్పు ఉండొచ్చు, రిలే పని చేయకపోవచ్చు.

ఒక ఉదాహరణ అనుకుందాం. పొద్దున కారు స్టార్ట్ కాలేదు. స్కానర్ పెడితే పీ0672, పీ0087, పీ0562 మూడూ వచ్చాయి. పైనుంచి చదువుకుంటూ పోతే ఒక ప్లగ్గు, ఒక హైప్రెజర్ పంపు బిల్లు పడతాయి. కింద నుంచి ఆలోచిస్తే కథ వేరు. కరెంటు తక్కువ కాబట్టి సెల్ఫ్ నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరగడం వల్ల పంపు ప్రెజర్ తయారు చేయలేదు. ప్లగ్గు కోడ్ ఎప్పటి నుంచో ఉండి ఉండొచ్చు. బ్యాటరీ చార్జ్ చేసి, కోడ్‌లు తుడిచి, మర్నాడు పొద్దున మళ్లీ చూస్తే ఏది నిజమో తేలుతుంది. తిరిగి వచ్చిన కోడే అసలు లోపం.

అందుకే తుడిచే ముందు కోడ్‌లన్నీ కాగితం మీద రాసుకోవాలి, లేదా ఫొటో తీసుకోవాలి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేడి ఎంత, స్పీడ్ ఎంత అనే వివరాలు కూడా కంప్యూటర్ దాచుకుంటుంది. తుడిచేస్తే అవీ పోతాయి. 'లైట్ తీసేశాను, ఇక పో' అనే రిపేర్ రిపేరే కాదు.

ఒక సంగతి మెకానిక్‌కు కూడా చెప్పాలి. పొద్దున వచ్చే లోపం మధ్యాహ్నం షాపులో కనబడదు. వీలైతే రాత్రే బండిని షాపులో వదిలి, పొద్దున మెకానిక్కే మొదటి సెల్ఫ్ కొట్టేలా చూడాలి. కాకపోతే పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు ఫోన్‌లో మీటర్‌ను, సైలెన్సర్ పొగను వీడియో తీసి చూపించాలి.

స్టార్ట్ అయ్యాక వెలిగే లైట్లు

బీఎస్-6 డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. దాన్ని డీపీఎఫ్ అంటారు. అందులో పేరుకున్న మసి కాలిపోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. చిట్యాల బజారులోనే రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండికి, అందునా చలికాలంలో, ఆ వేడి రాదు. లైట్ వెలుగుతుంది. వెలిగిన కొత్తలోనే హైవే ఎక్కి పుస్తకంలో చెప్పిన స్పీడ్‌తో సుమారు 20 నిమిషాలు ఆగకుండా నడిపితే చాలావరకు ఆరిపోతుంది. పట్టించుకోకుండా రోజుల తరబడి తిప్పితే బండి బలం తగ్గించుకుంటుంది, అప్పుడు సర్వీస్ సెంటరే దిక్కు.

థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతే ఇంజిన్ ఎప్పటికీ సరిగ్గా వేడెక్కదు. డీజిల్ ఎక్కువ తాగుతుంది, మసి ఎక్కువ చేస్తుంది. మసి డీపీఎఫ్‌ను, ఈజీఆర్‌ను మూస్తుంది. డీపీఎఫ్ లైట్ మాటిమాటికి వస్తుంటే థర్మోస్టాట్‌ను కూడా చూపించాలి. అది చిన్న పార్టు, దాని వల్ల జరిగే నష్టం పెద్దది.

కొన్ని పెద్ద బండ్లకు యాడ్‌బ్లూ అనే యూరియా ద్రావణం పోయాలి. అది మైనస్ 11 డిగ్రీలకు గానీ గడ్డకట్టదు. ఇక్కడ దాని లైట్ వెలిగితే చలి వల్ల కాదు, అయిపోవచ్చిందని లేదా అందులో వేరే లోపం ఉందని.

చేయకూడనివి

- ట్యాంక్ కింద, ఇంజిన్ కింద మంట పెట్టొద్దు.
- హీటర్ ప్లగ్గులున్న బండికి ఈథర్ స్టార్టింగ్ స్ప్రే కొట్టొద్దు. కాలుతున్న ప్లగ్గుకు తగిలి పేలే ప్రమాదం ఉంది.
- సెల్ఫ్ ఒకేసారి 10 క్షణాల కంటే ఎక్కువ కొట్టొద్దు. మధ్యలో అర నిమిషం ఆగాలి. లేకపోతే మోటార్ కాలిపోతుంది.
- స్టార్ట్ కాగానే రేస్ చేయొద్దు. టర్బోకు ఆయిల్ చేరడానికి కొన్ని క్షణాలు పడుతుంది. అర నిమిషం ఆగి, మొదటి ఒకటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే చాలు.
- మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్ చేసి కూర్చోవద్దు. పొగలోని విషవాయువు ప్రాణాలు తీస్తుంది.
- వేరే బండి బ్యాటరీతో స్టార్ట్ చేసేటప్పుడు ప్లస్‌కు ప్లస్ కలిపి, చివరి మైనస్ క్లిప్పును ఆగిపోయిన బండి ఇంజిన్ లోహానికి పెట్టాలి, బ్యాటరీకి కాదు.

షాపులో అడగాల్సినవి

చలి ముదరకముందే బ్యాటరీని లోడ్ టెస్ట్ చేయించడం, డీజిల్ ఫిల్టర్ నీళ్లు తీయించడం, టెర్మినళ్లు శుభ్రం చేయించడం.. ఈ మూడూ అయితే పొద్దున వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ముందే తప్పుతాయి. రాత్రి ట్యాంక్ సగానికి తగ్గకుండా చూసుకుంటే ఇంకా మంచిది.

అయినా బండి షాపుకు పోవాల్సి వస్తే పార్టు మార్చే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ కోడ్ వచ్చింది? సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపించింది? ఈ పార్టే పోయిందని ఏ పరీక్షతో తేలింది? తీసిన పాత పార్టు ఇస్తారా?

పని తెలిసిన మెకానిక్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు, మీటర్ పెట్టి చూపిస్తాడు. జవాబు చెప్పకుండా నేరుగా బిల్లు రాసేవాళ్లుంటే, బండి కీ తీసుకుని ఇంకో షాపుకు పోవడానికి మొహమాటపడొద్దు. ఆ రోజు కిరాయి ఎలాగూ పోయింది. దానికి తోడు, పాడవని పార్టుకు డబ్బులు కట్టాల్సిన అవసరం లేదు.